మృగశిర నాటి గుడ్ల చేప

జనగామ చేపల మార్కెట్లో పద్దెనిమిదేళ్ళుగా నాకు ఒక కత్తిపీట, ఒక మొద్దు, రెండు తట్టలు, కూర్చోవడానికి ఒక గోనెసంచి ఉన్నాయి. పుట్టింది రేగొండ వైపు, మెట్టింది రఘునాథపల్లి. రెండు వైపులా చెరువుల్లో వల వేసి బతికిన ఇళ్ళే. ఇంటర్ పాసయ్యానన్న పేరు ఒకటి ఉంది కాబట్టి మార్కెట్లో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెస్తారు. కాగితం చదవడం వచ్చినదానికి మనుషుల్ని చదవడం కూడా వస్తుందని వాళ్ళూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను.

మాది గేటుకు ఎడమవైపు వరస. నలుగురం ఆడవాళ్ళం. నేను, నా తోడికోడలు, చర్చి వీధి నుంచి వచ్చే ఒక అక్క, ఆ చివర మూల మీద అవ్వ. అవ్వ బయ్యారం వైపు మనిషి. భర్త పోయాక కూతురు దగ్గరికని జనగామ వచ్చింది. అల్లుడి పెట్టుపోతల మీద బతకడం నచ్చక నెల తిరక్కుండానే కత్తిపీట ముందు కూర్చుంది. ఆమె కొర్రమట్టను కోస్తుంటే చూడటానికి నిలబడిపోయేవాళ్ళు. బూడిద చల్లి, పట్టు దొరికించుకుని, పొలుసు తీసి ముక్కలు చేసేదాకా చెయ్యి ఎక్కడా ఆగేది కాదు.

ఆ చెయ్యే చెడింది. కుడి మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి వేళ్ళు మొద్దుబారడం మొదలైంది. దవాఖానకు నేనే తీసుకుపోయాను. చిన్న ఆపరేషన్ చేస్తే సరిపోతుందని, చేశాక మాత్రం నెలన్నర కత్తి పట్టొద్దని డాక్టరు చెప్పాడు. ఇంకా ఆలస్యం చేస్తే వేళ్ళు పూర్తిగా పట్టు తప్పుతాయని కూడా చెప్పాడు.

"నెలన్నర నేను కూసుంటే నాకు బువ్వెవలు పెడ్తరు సారూ?" అంది అవ్వ.

డాక్టరు నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను. బయటికొచ్చాక అవ్వే దారి చెప్పింది. "మృగశిర మంచిగ నడిస్తే నెలన్నర ఎల్లిపోతది బిడ్డా. అయినంక కోపిచ్చుకుంట." ఆపరేషన్‌కు ఆమె పెట్టుకున్న ముహూర్తం అది.

మా వైపు తెలియనివాళ్ళకు మృగశిర సంగతి చెప్పాలి. రోహిణి ఎండలు పోయి మృగశిర కార్తె ప్రవేశించే రోజున మా దగ్గర ప్రతి ఇంట్లో చేప ఉడకాలి. ఏడాదంతా చేప ముట్టనివాళ్ళు కూడా ఆ రోజు ఒక ముక్క నోట్లో వేసుకుంటారు. వానాకాలం రోగాలు రావని, దమ్ము జబ్బు తగ్గుతుందని పెద్దల నమ్మకం. తెల్లవారే సరికి గేటు బయట జనం ఉంటారు. ఆ ఒక్క రోజు అమ్మకం మీద కొన్ని నెలలు నెట్టుకొచ్చేవాళ్ళు మాలో చాలామంది ఉన్నారు.

అయితే సముద్రంలో చేప గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా తూర్పు తీరమంతా వేట నిషేధం ఉంటుంది. మృగశిర సరిగ్గా ఆ నిషేధం చివరి రోజుల్లో వచ్చి పడుతుంది. చెరువులేమో అప్పటికి అడుగంటి ఉంటాయి. పడవలన్నీ ఒడ్డున కట్టేసి ఉన్న సమయంలోనే మా జిల్లాల జనమంతా సంచులు పట్టుకుని చేప కావాలని నిలబడతారన్నమాట. చాలా ఏళ్ళు ఈ సంగతి నాకు తట్టనే లేదు. నిషేధం రోజుల్లో కూడా ఐసు డబ్బాలు వస్తూనే ఉండేవి. ముందే పట్టి దాచిన సరుకు కాబోలు అనుకునేదాన్ని. అనుకోవడం హాయిగా ఉండేది కూడా.

నాకు తట్టేలా చేసింది సముద్రం ఒడ్డున ఉండే ఒక అక్క.

తొమ్మిదేళ్ళ కిందట మా ఊరివాళ్ళతో కలిసి తీర్థయాత్ర బస్సెక్కాను. అందరూ గుడికి పోతే నేను చేపల రేవుకు పోయాను. దేవుడు క్షమించాడో లేదో గాని, సముద్రాన్ని మొదటిసారి చూసిన రోజునే అక్క నాకు దొరికింది. గొడుగు కింద వంజరాల గుట్ట ముందు కూర్చుని ఉంది. "గీ చాప ఎట్లిస్తున్నవ్?" అని అడిగాను. పక్కనున్న ఆడవాళ్ళతో కలిసి ఆమె పకపకా నవ్వింది.

"ఏంటమ్మా, సినిమాలో కామెడీవాళ్ళలా మాట్లాడుతున్నావు?"

నాకు ఒళ్ళు మండింది. "నవ్వుడు ఆపి ధర చెప్పు. నువ్వు మాట్లాడితే మాక్కూడ పాట పాడినట్టే ఉంటది. మేం నవ్వుతున్నమా?" అన్నాను.

ఆమె తన స్టూలు నాకు జరిపి, టీ తెప్పించింది. బస్సు హారన్ కొట్టేదాకా అక్కడే కూర్చున్నాను. అప్పటి నుంచి నా సముద్రం చేప ఆమె దగ్గరి నుంచే వచ్చేది. వ్యాన్ డ్రైవరు వారానికి మూడుసార్లు ఆమె డబ్బాలు తెచ్చేవాడు. ఫోన్ మాత్రం రోజూ వచ్చేది. నా గర్భసంచి ఆపరేషన్ సంగతి మా అమ్మ కంటే ముందు ఆమెకే తెలుసు. ఆమె పెద్దకొడుకు ఒక పిల్లతో వెళ్ళిపోయినప్పుడు ఆమె ఏడుపంతా నేనే విన్నాను. చెల్లీ అని పిలిచేది. నేనూ నోరారా అక్కా అనేదాన్ని.

డబ్బా కట్టడంలో ఆమెకొక పద్ధతి ఉంది. థర్మకోల్ డబ్బా అడుగున తాటాకు పరుస్తుంది. దాని మీద ఐసు, ఐసు మీద చేపలు, పొట్టలు పైకి, తలలన్నీ ఒకే వైపుకు. కరిగిన నీళ్ళలో పొట్ట నానితే చేప చెడుతుందని ఆమె లెక్క. మా మార్కెట్‌కు వచ్చే డబ్బాల్లో ఇలా కట్టేది ఆమె ఒక్కతే. మిగతావాళ్ళది గడ్డపారతో ఐసు కొట్టి, చేప విసిరేసి, మూత పెట్టే రకం.

సముద్రం గురించి నాకు తెలిసిందంతా ఆమె నోటి నుంచి విన్నదే. వాళ్ళాయన కుర్రతనంలో ఒడ్డు కనిపించేంత దూరంలోనే వంజరం పడేదట. ఇప్పుడు ఇంజన్ డీజిలంతా తాగేదాకా పోయినా తట్ట నిండదట. పెద్ద బోట్లు నేలబారుగా వలలీడ్చి, వేలెడంత పిల్లను కూడా వదలడం లేదట. అవతల ఇంకా లోపల, ఇళ్ళంత కాదు ఊళ్ళంత ఓడలు ఏ దేశానివో తిరుగుతుంటాయట. ఒకసారి అధికారులెవరో రేవులో మీటింగ్ పెట్టి, ప్రపంచ దేశాలన్నీ ఒకచోట కూర్చుని సముద్రాన్ని తోడేసేవాళ్ళకు సర్కారు సాయాలు ఆపాలని మాట్లాడుకుంటున్నాయని చెప్పారట. అక్క లేచి, "ముందు ఎవరు ఆపుతారండీ?" అని అడిగిందట. ఆయన మంచినీళ్ళు తాగి ఇంకో సంగతిలోకి పోయాడట. ఆ మాట చెప్పి చాలాసేపు నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె మీద నాకు గౌరవం పెరిగింది కూడా ఆ రోజే.

ఆమె చెప్పింది నాకు అంత సులువుగా ఎక్కడానికి మా బాపు ఒక కారణం. కొర్రమట్ట తన పిల్లల్ని కాపలా కాస్తుంది. పిల్లల గుంపు నీళ్ళ మీద ఎర్రగా తేలితే కింద తల్లి ఉందన్నమాట. అప్పుడు దాన్ని పట్టడం చాలా తేలిక, పిల్లల్ని వదిలి పారిపోదు. బాపు అలాంటి చోట తెప్పను పక్కకు తిప్పేవాడు. "ఇప్పుడు దీన్ని పడ్తే వచ్చే ఏడు ఏం పడ్తం బిడ్డా?" అనేవాడు. చదువుకోని మా బాపుకు తెలిసింది దేశాలకు తెలియదా అని నాకు అనిపించేది.

రెండేళ్ళ కిందట నిషేధం మొదలైన రోజున అక్క ఫోన్ చేసింది. ఆ రోజు ఆమె గొంతులో నవ్వు లేదు.

"మా పడవ ఒడ్డుకు లాగేశాం చెల్లీ. కానీ కొంతమంది పెద్ద బోట్లవాళ్ళు దొంగచాటుగా వెళ్ళిపోతున్నారు. ఆ గుడ్ల చేపంతా మీ వైపే వస్తోంది. మృగశిర అంటారు కదా మీరు, దానికే. మీరు కొనకపోతే వాళ్ళు వెళ్ళరమ్మా. నువ్వు కొననని నాకు మాటివ్వు."

"నేనొక్కదాన్నే ఎందుకక్కా? మా వరసంతా కొనకుండ జేస్త. మరి నువ్వు?"

"నా చేత్తో ఒక్క నిషేధం చేపను కూడా డబ్బాలో పెట్టను. నా పిల్లల మీద ఒట్టు."

పిల్లల మీద ఒట్టు అడిగింది నేను కాదు. ఆమే వేసింది. నేను ఆ ఒట్టును పట్టుకుని మా వరస ముందు నిలబడ్డాను.

తోడికోడలు ముందే ఎదురుతిరిగింది. "సముద్రం గాడుంది, మనం గీడున్నం. ఆ పంచాయితీ మనకెందుకే?" చర్చి వీధి అక్క మాత్రం ఒప్పుకుంది. గుడ్ల చేపను కోసినప్పుడల్లా తనకూ మనసు గుంజుతుందని చెప్పింది. తోడికోడలు ఇంకా కాసేపు సాగదీసి, ఇంట్లో నాతో గొడవెందుకని సరేనంది. అవ్వ అంతసేపూ మణికట్టుకు మందు రుద్దుకుంటూ కూర్చుంది. ఆమెను అడగడానికి నాకు నోరు రాలేదు. ఆమెకు మృగశిర అంటే ఏమిటో నాకు తెలుసు.

"అవ్వా, నీ ఇష్టం. నిన్ను బలవంతం జెయ్య" అన్నాను.

"సముద్రాన్ని నేను సూడలే" అంది అవ్వ. "నిన్ను సూసిన. నువ్వు వద్దంటే నేను ముట్ట."

"చెరువు చాపతోనే నీకు అమ్మకం అయితది. మా అన్నతోని నేను తెప్పిస్త. నీ చెయ్యి సంగతి నాది" అని అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అక్కడితో ఆగానా అంటే లేదు. ఒక అట్టముక్క మీద 'ఇది చేప గుడ్లు పెట్టే కాలం. మా దగ్గర సముద్రం చేప లేదు' అని రాసి వరస ముందు కట్టాను. ఎవరో ఫొటో తీసుకున్నారు. గిరాకీలు కొందరు నవ్వారు, కొందరు మెచ్చుకున్నారు. మెచ్చుకున్నవాళ్ళు ఎదురు వరసలోకి పోయి వంజరం కొనుక్కోవడం కూడా చూశాను. అయినా నాకు తల ఎగిరింది. దేశాలు చెయ్యలేని పని జనగామలో నలుగురు ఆడవాళ్ళు చేస్తున్నారని రోజూ అక్కకు ఫోన్లో గొప్పలు పోయేదాన్ని. ఆమె "నువ్వు బంగారం చెల్లీ" అనేది.

మృగశిర రోజు తెల్లవారుజామునే మా అన్న రేగొండ నుంచి ఆటోలో చేపలు తెచ్చాడు. ఆ ఏడు చెరువులు మరీ ఎండాయి. నాలుగు టబ్బులు తెస్తానన్నవాడు రెండే తెచ్చాడు. బొచ్చెలు, రవ్వలు, అడుగున కొన్ని కొర్రమట్టలు. నా వంతు కూడా అవ్వ తట్టలోకే పోశాను. మిగతా ఇద్దరూ తలా కొంచెం తీసుకున్నారు. వ్యాన్ అంతకుముందే వచ్చి ఎదురు వరసవాళ్ళకు డబ్బాలు దించేసింది. నేను అటు చూడను కూడా చూడలేదు. నా మాట మీద నేనున్నానన్న పొగరు అది.

ఎనిమిది కొట్టేసరికి అవ్వ తట్ట ఖాళీ అయింది. ఆమె చేతి నేర్పు తెలిసిన పాత గిరాకీలు వచ్చి తట్ట చూసి, "అయిపోయినయా అవ్వా?" అని ఎదురు వరసలోకి నడిచారు. అప్పుడే అసలు రద్దీ మొదలైంది. అవ్వ మొద్దు కడిగి, కత్తిపీట తుడిచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మృగశిర నాడు ఎనిమిదింటికి చేతులు ఒళ్ళో పెట్టుకున్న చేపలావిడను నేనెప్పుడూ చూడలేదు.

మంచినీళ్ళకని లేచాను. ఎదురు వరసలో ఒకతను ఖాళీ డబ్బాను కాలువ దగ్గర దులుపుతున్నాడు. ఐసు ముక్కలతో పాటు తాటాకు జారి నా కాళ్ళ ముందు పడింది.

కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను. తాటాకు ఎవరైనా పరుచుకోవచ్చు అనుకున్నాను. అతని పక్కన ఇంకా మూత తీయని డబ్బా ఉంటే, అడక్కుండానే మూత తీశాను. వంజరాలు. పొట్టలు పైకి. తలలన్నీ ఒకే వైపుకు.

"మంచి సరుకు వదినా, ఒక్కటి గూడ మెత్తవడలే" అన్నాడతను. నేను చూస్తుండగానే ఒకదాన్ని తీసి కోశాడు. పసుపుపచ్చటి గుడ్లు రెండు పాయలుగా మొద్దు మీదికి జారాయి.

డ్రైవరు గేటు దగ్గర టీ తాగుతున్నాడు. డబ్బాలు ఎవరివని అడిగాను. "మీ అక్కయే కదా. నువ్వెందుకు దించుకోలేదని నేనే పరేషానైన. మానుకోటల గూడ దించిన. భూపాలపల్లికి వేరే బండిల పోయినయి" అన్నాడు. మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటాం. అంటే మూడు జిల్లాల మృగశిరకు మా అక్క గుడ్ల చేప పంపింది.

వెనక్కి వచ్చి మా వరసలో నిలబడే ఫోన్ చేశాను. రద్దీలో వినపడక స్పీకరు పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది.

"అక్కా, ఇయ్యాల వచ్చిన డబ్బాలు ఎవలు కట్టిన్రు?"

"నేనే చెల్లీ" అంది.

"నిషేధం గదా?"

"మా పడవ కదల్లేదమ్మా. అది మాత్రం నమ్ము. పెద్ద బోటువాళ్ళు తెచ్చి పడేశారు. నేను కట్టకపోతే ఇంకొకత్తి కడుతుంది. ఎలాగూ చచ్చిపోయిన చేపే కదా. ఈ రెండు నెలలూ మా పొయ్యి మీద ఏం ఉడికిందో నువ్వు చూశావా?"

"పిల్లల మీద ఒట్టేసినవ్."

"నీకిచ్చిన మాట నేను తప్పలేదు చెల్లీ" అంది. గొంతులో తప్పు చేసిన జంకు లేదు, నాకేదో మేలు చేసినట్టుంది. "నీ పేరు మీద ఒక్క డబ్బా అయినా వచ్చిందా చూసుకో. అందరికీ పంపాను. నీకు మాత్రం పంపలేదు."

ఇన్నేళ్ళు నాతో సముద్రం గురించి, చేపపిల్లల గురించి మాట్లాడిన మనిషి, వేసిన ఒట్టును నాకొక్కదానికి విడిగా డబ్బా కట్టినట్టు కట్టి పెట్టింది. సముద్రానికి కాదు, నా మనసు నొచ్చుకోకుండా ఉండటానికి ఇచ్చిన మాట అది. దాన్ని నమ్మి నేను అట్టముక్క మీద రాసి వేలాడదీశాను. నోటికొచ్చింది తిట్టి ఫోన్ పెట్టేశాను. ఏం తిట్టానో ఇక్కడ రాయను. నా తోడికోడలు ఇప్పటికీ నన్ను ఏడిపించడానికి ఆ మాటలే వాడుతుంది.

తిరిగి చూస్తే ముగ్గురూ నన్నే చూస్తున్నారు. తోడికోడలు లేచి అట్టముక్క ఊడబీకి కాలువలో పారేసింది. నేను అవ్వ ముందు కూలబడి, "మోసం జేసింది అవ్వా, నన్ను నిలువునా మోసం జేసింది" అని ఏడ్చాను.

అవ్వ నన్ను ఏడవనిచ్చింది. నా తల మీద చెయ్యి కూడా వేసింది, ఆ మొద్దుబారిన చెయ్యే. తర్వాత మెల్లగా అడిగింది.

"ఆమె నిన్ను మోసం జేసింది. సరే. మరి నన్ను జేసిందెవలు బిడ్డా?"

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

ఆపరేషన్ జరగలేదు. నేనూ చర్చి వీధి అక్కా నెలన్నర ఆమెకు బువ్వ చూసుకుంటామన్నాం. "మీ పిల్లలకు పెట్టుకోన్రి" అని కొట్టిపారేసింది. కూతురితో చెబుతానంటే, చెబితే మార్కెట్‌కు రావడమే మానేస్తానంది. బతుకమ్మ నాటికి ఆమె చూపుడువేలు, బొటనవేలు ఒకదాన్నొకటి పట్టుకోలేకపోయాయి. ఎడమచేత్తో కోయడం నేర్చుకోబోయి రెండుసార్లు వేళ్ళు తెగ్గోసుకుంది. చివరికి కోయకుండా చేపను చేపగానే అమ్మేది. కోసివ్వని దగ్గర ఎవరు కొంటారు? పాత గిరాకీలు రెండు రోజులు మొహమాటానికి కొని, తర్వాత అటు రావడం మానేశారు. నన్ను ఒక్కనాడూ నిందించలేదు. నాలుగు తిట్లు తిట్టినా నాకు తేలికయ్యేది.

అక్క చాలాసార్లు ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు. నిషేధం అయిపోయాక ఫోన్లో ఒక వాయిస్ రికార్డు పంపింది. "చెల్లీ, తొలి వేటకి వెళ్ళొచ్చారమ్మా మీ బావ. వల ఖాళీగా వచ్చింది. నీ ఉసురు తగిలిందేమో" అని ఏడ్చింది. రెండుసార్లు విన్నాను. దాచడమెందుకు, నాకు సంతోషం వేసింది. తర్వాత అన్నం ముందు కూర్చున్నదాన్ని, కలిపిన ముద్ద మళ్ళీ కంచంలోనే పెట్టేశాను. ఆమె పొయ్యి మీద ఏమీ ఉడకలేదన్నది అబద్ధం కాదు. ఆ ఒక్క మాట ముందే నాతో చెప్పి ఉంటే నేను ఏదో ఒకటి చేసేదాన్ని. చెప్పకుండా నన్ను బంగారం అంది చూడండి, అది నేను క్షమించలేదు. ఇప్పుడు ఇంకో రేవు నుంచి తెప్పిస్తున్నాను. నిషేధం రెండు నెలలూ మాత్రం తెప్పించను. ఎవరికీ చెప్పను, ఏ అట్ట మీదా రాయను.

పోయిన మృగశిరకు మార్కెట్‌కు వెళ్ళేసరికి వ్యాన్ ముందు అందరికంటే ముందు అవ్వ నిలబడి ఉంది. రెండు డబ్బాల వంజరాలు దించుకుంది. నన్ను చూసి తల తిప్పుకోలేదు. ఎప్పటిలాగే "ఛాయ్ తాగినవా?" అని అడిగింది. నేను నా చెరువు చేపల ముందు కూర్చున్నాను. ఆ రోజు కోసిస్తానని ఆమె గిరాకీలను పిలిచింది. కాసేపటికే ఆమె ముందు నలుగురైదుగురు పోగయ్యారు. మొదటి చేపను కత్తిపీట మీద పెట్టింది. చేప జారి కింద పడింది. ఎత్తి మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది. నిలబడ్డవాళ్ళలో ఒకామె ఎదురు వరస వైపు చూసింది.

"బిడ్డా, జర ఇటు రా" అని అవ్వ నన్ను పిలిచింది.

వెళ్ళాను. ఆమె జరిగి తన కత్తిపీట ముందు నాకు చోటిచ్చింది.

"గిది కొయ్యి."

చేప నా చేతిలో పెట్టింది. బొటనవేలు పొట్టకు తగలగానే తెలిసింది, లోపల నిండుగా ఉంది. అవ్వ వైపు చూశాను. అవ్వ, ఒక్కరు కూడా కదిలిపోకూడదన్నట్టు గిరాకీల వైపే చూస్తోంది. కోశాను.

"గుడ్లు పారెయ్యకు" అంది అవ్వ. "ఏరే కవర్ల ఎయ్యి. అడుగుతరు."

సరే అవ్వా అని కవర్లో వేశాను. మధ్యాహ్నం డబ్బాలు ఖాళీ అయ్యేదాకా అక్కడే కూర్చుని కోశాను.